ట్రింకాస్‌లో పాట



కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్ గురించి రెండు మాటలు మనవి చేస్తాను. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ట్రింకా పెట్టిన టీ హోటలది. 1959లో పూరీ, జాషువా అనే భాగస్వాములు తీసుకున్నారు. బారు, బ్యాండు పాటలతో పేరు మోగింది. 1969లో ఉషా ఉతుప్, అప్పటికి ఉషా అయ్యర్, పట్టుచీర కట్టి, బొట్టు పెట్టుకుని అక్కడ ఇంగ్లీషు పాటలు పాడారు. బారులో పాటంటే ముఖం చిట్లించే నాబోటివాళ్లకు అది కనువిప్పు.

తరువాత వినోదపు పన్ను భారమై పార్క్ స్ట్రీట్‌లో బ్యాండ్లు తగ్గిపోయాయి. ట్రింకాస్ నిలిచింది. వాద్యకారులే చెదిరిపోయారు. మనకు ఒకటో తారీఖున పెన్షన్ వస్తుంది, వారికేదీ?

2024లో ఆమెకు పద్మభూషణ్ అన్నప్పుడు, వెనక వాయించినవారే గుర్తొచ్చారు. మన ఇళ్ల పెళ్లిళ్లలోనైనా మేళగాళ్లను ముందు బంతిలో కూర్చోబెడదాం. సెలవు.