పడమటి అద్దం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇంజినీరుగా నీ విజయాల గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను. మన ఊరివాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది. ఆ తర్వాత మడిగెలు, ఆసుపత్రులు, షోరూములు పోటీపడి లేచాయి. అప్పుడే మన బ్యాచ్ మిత్రుడొకడు మూడంతస్తుల కాంప్లెక్సుకు డిజైన్ అడిగాడు. స్థలం పడమర ముఖం. "ముందంతా అద్దమే ఉండాలె, హైదరాబాద్ లెక్క కనపడాలె" అన్నాడు. గీసిచ్చాను. తెలియక కాదు, వాణ్ని నొప్పించలేక.

మొదటి ఎండాకాలంలోనే కింద బట్టల దుకాణం నడిపే కిరాయిదారు ఫోన్ చేశాడు. "సార్, పొద్దుగూకేముందు ఒక్కసారి వచ్చి కూసోండ్రి" అన్నాడు. వెళ్లి కూర్చున్నాను. మూడు ఏసీలు నడుస్తున్నా చొక్కా తడిసింది. అద్దం దగ్గర పేర్చిన చీరలు రంగు వెలిశాయి. కట్టించింది మిత్రుడు, గీసింది నేను, కరెంటు బిల్లు మాత్రం అతనిది. చిన్న భవనాల్లో అసలు చిక్కు ఇదే.

మిట్టమధ్యాహ్నం ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. సాయంత్రం ఎండ వాలుగా వచ్చి దాని కిందినుంచి దూరుతుంది. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది గానీ, వేడెక్కిన సామాను వెలువరించే వేడిని బయటికి పోనివ్వదు. లోపల తెర కడితే లాభం తక్కువ, వేడి అప్పటికే వచ్చేసింది. అడ్డు బయటే ఉండాలి.

మనం చదివిన పాత తరగతులకు ఏసీ ఎక్కడిది? గూనపెంకుల కప్పు, ఎత్తైన గోడలు, పైన వెంటిలేటర్లు, ముందు వరండా. లెక్కల సారు వరండాలో నిలబెడితే శిక్ష అనుకున్నాం గానీ, గోడమీద ఎండ పడకుండా కాచింది ఆ వరండానే.

ప్రభుత్వం ఏమీ చెప్పలేదా అంటే, చెప్పింది. ఇంధన పొదుపు భవన నియమావళి, ఈసీబీసీ, 2007లో వచ్చింది. 2017 సవరణ ప్రకారం అది 100 కిలోవాట్ల లోడు గానీ, 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గానీ ఉన్న వాణిజ్య భవనాలకు. మా కాంప్లెక్సు ఆ గీతకు చాలా కింద. మన బజారులో చాలా మడిగెలూ అంతే. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం చిన్న వాణిజ్య భవనాల కప్పును కూడా పట్టించుకుంది. అది మేలు.

ఇక హైదరాబాద్ లెక్క అంటారా, అక్కడ సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. లీడ్ ప్లాటినం రేటింగు పొందిన భవనం. నడుమ ముంగిలి, గాలిని చల్లబరిచి పంపే గోపురాలు. ఆ ముంగిలి మన పాత భవంతి ఇళ్లలో లేనిదా?

చివరికి మేం కొంత అద్దం తీసి ఇటుక కట్టాం. మిగిలిన అద్దానికి అడుగున్నర ముందు ఏటవాలు పట్టీలు బిగించాం. కప్పుకు తెల్లపూత వేశాం. ఏసీని 18 నుంచి 24కు తెచ్చాం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. ఇప్పుడు రెండు ఏసీలతో సరిపోతోంది. ఖర్చు నేనూ మిత్రుడూ చెరిసగం పెట్టుకున్నాం. కాగితం మీదైతే ఒక గీత చెరిపితే అయ్యే పని.

మీలో ఎవరైనా కట్టబోతుంటే, ముగ్గు పోయకముందే ప్లాను తెచ్చి చూపించండి. ఫీజు వద్దు. పడమర ముఖమైతే మాత్రం, మీరు నొచ్చుకున్నా సరే, ఈసారి ముందే చెప్పేస్తా.