డ్యుయేన్ పెట్టని సంతకం



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీరు కామర్స్, ఎకనామిక్స్ చదివినవాళ్లు కాబట్టి అమెరికా జాతీయ బ్యాంకు తగాదా గురించి వినే ఉంటారు. 1791లో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ బ్యాంకు కావాలన్నాడు. రాజ్యాంగం ఆ అధికారం ఎక్కడిచ్చిందని జెఫర్సన్, మాడిసన్ అడ్డుపడ్డారు. అయినా అధ్యక్షుడు వాషింగ్టన్ సంతకం చేశాడు. ఇరవై ఏళ్ల గడువు తీరబోతుండగా, 1811లో పొడిగింపు మీద సెనేట్‌లో ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ తన ఓటుతో దాన్ని మూయించాడు. మరుసటి ఏడే బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. అప్పు పుట్టక ప్రభుత్వం అల్లాడిపోయింది. ఒకప్పుడు కాదన్న మాడిసనే అధ్యక్షుడి హోదాలో 1816లో రెండో బ్యాంకుకు సంతకం పెట్టాడు.

ఈ పెద్ద పేర్ల మధ్య మనం మరిచిపోయిన మనిషి ఒకడున్నాడు. ఈరోజు మీకు చెప్పాలనుకున్నది అతని గురించే. పేరు విలియం డ్యుయేన్, ఫిలడెల్ఫియా లాయరు.

1832 జులైలో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆ రెండో బ్యాంకు గడువు పొడిగించే బిల్లును వీటో చేశాడు. డబ్బున్నవాళ్లకూ విదేశీ వాటాదారులకూ ప్రభుత్వం ఎందుకు మేలు చేయాలని అడిగాడు. ఆ కోపం ఉత్తిది కాదు. బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్ చట్టసభ సభ్యులకు అప్పులిచ్చేవాడు. సెనేట్‌లో బ్యాంకు తరఫున గట్టిగా వాదించిన డానియల్ వెబ్‌స్టర్ ఆ బ్యాంకు దగ్గరే ఫీజు పుచ్చుకునేవాడు. ఇంతవరకూ న్యాయం జాక్సన్ వైపే ఉందని నా అభిప్రాయం.

ఎన్నికల్లో మళ్లీ గెలిచాక జాక్సన్ ఆగలేకపోయాడు. బ్యాంకుకిచ్చిన అనుమతి, అంటే చార్టర్, 1836 దాకా ఉంది. అయినా ప్రభుత్వ సొమ్మును ముందే రాష్ట్రాల బ్యాంకుల్లోకి మళ్లించాలనుకున్నాడు. చార్టర్ 16వ సెక్షన్ ఏమంటుందో చూడండి: ఆర్థిక మంత్రి మరోలా ఆదేశిస్తే తప్ప డిపాజిట్లు ఈ బ్యాంకులోనే ఉండాలి, అలా ఆదేశిస్తే కారణాలు వెంటనే కాంగ్రెస్ ముందు పెట్టాలి. అక్కడ అధ్యక్షుడి ప్రస్తావనే లేదు.

1833 జూన్‌లో డ్యుయేన్ ఆర్థిక మంత్రి అయ్యాడు. అతనికీ ఆ బ్యాంకంటే పడదు. మొదటి బ్యాంకు మీద అతని తండ్రి తన పత్రికలో పోరాడాడు. ఇతను కాదనడనుకున్నాడు జాక్సన్. కానీ డ్యుయేన్ సెక్షన్ చదువుకున్నాడు. సొమ్ము భద్రంగా ఉందని ప్రతినిధుల సభ ఆ మార్చిలోనే 109–46 ఓట్లతో తీర్మానించింది. మరి కాంగ్రెస్‌కు ఏ కారణం చూపాలి? సెప్టెంబరు 18న జాక్సన్ సొమ్ము మళ్లింపును సమర్థించే తన పత్రాన్ని మంత్రివర్గం ముందు చదివించాడు. మళ్లింపు ఆదేశం మీద డ్యుయేన్ సంతకం పెట్టనన్నాడు. రాజీనామా కూడా చేయనన్నాడు. ఒప్పుకోలేకపోతే తప్పుకుంటానని అంతకుముందు మాటిచ్చినవాడు అతనే, అందుకని ఆ మాట తప్పాడని జాక్సన్ పక్షం నిందించింది. ఆ నింద న్యాయమైనదే. సెప్టెంబరు 23న అతన్ని పదవి నుంచి తీసేశారు. ఆ స్థానంలోకి వచ్చిన రోజర్ టానీ ఆ వారంలోనే ఆదేశం ఇచ్చేశాడు.

ఆ శీతాకాలం బిడిల్ అప్పులు బిగించి, వ్యాపారులు విలవిల్లాడితే కాంగ్రెస్ దిగివస్తుందని చూశాడు. బ్యాంకు చేతిలో ప్రమాదకరమైన శక్తి ఉందన్న జాక్సన్ ఆరోపణను అతనే రుజువు చేసినట్టయింది. 1834 మార్చిలో సెనేట్ జాక్సన్‌ను తప్పుపడుతూ తీర్మానం చేసింది, 1837లో జాక్సన్ మిత్రులు ఆ తీర్మానాన్ని రికార్డుల్లోంచి కొట్టేయించారు. ఆ ఏడే ఆర్థిక సంక్షోభం వచ్చింది. దాని కారణాల్లో ఇంగ్లండ్‌లో వడ్డీలు పెరగడం కూడా ఒకటి, అంతా జాక్సన్ నెత్తిన పెట్టడం తప్పు. అమెరికాకు మళ్లీ కేంద్ర బ్యాంకును ఇచ్చిన ఫెడరల్ రిజర్వ్ చట్టం వచ్చేసరికి 1913 అయింది.

డ్యుయేన్ బ్యాంకును కాపాడలేదు. కాపాడాలనీ అనుకోలేదు. తనకు నచ్చని సంస్థ విషయంలోనూ చట్టం తనకు అప్పగించిన నిర్ణయాన్ని ఇంకొకరి చేతిలో పెట్టనన్నాడు, అంతే. నాకు ఆ తగాదా మొత్తంలో అందరికంటే గౌరవం అతని మీదే.

మీలో చాలామంది బ్యాంకుల్లో, ఆడిట్‌లో, ట్రెజరీ ఆఫీసుల్లో చేరబోతున్నారు. పైనుంచి ఫోనొచ్చిందని ఎవరైనా ఫైలు ముందు పెట్టి తొందరపెడితే, ఒక్క పది నిమిషాలు అడిగి తీసుకోండి. ఆ పది నిమిషాల్లో సంబంధిత సెక్షన్ మీరే స్వయంగా చదవండి.