ఫోను గుర్తుపెట్టుకునే పేర్లు



విజయనగరం స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నారనుకోండి. మీరు ముట్టుకోకుండానే ఫోను మీద వైఫై గుర్తు వెలుగుతుంది. ఎందుకంటే, ఎప్పుడో ఒకసారి మీరు అక్కడి రైల్‌వైర్ వైఫైలో చేరారు. ఫోను ఆ పేరు మరిచిపోలేదు.

రైల్వే స్టేషన్లలో ఈ ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలైంది. అదే ఏడాది విజయనగరం పక్కనున్న విశాఖపట్నానికీ వచ్చింది. మంచి సదుపాయమే. చిక్కల్లా ఆ గుర్తుపెట్టుకోవడంతోనే.

పాస్‌వర్డ్ లేని వైఫైని ఫోను ముఖ్యంగా పేరు చూసే గుర్తుపడుతుంది. అదే పేరుతో మోసగాడెవరైనా ఇంకో వైఫై పెడితే, పాత చుట్టమే అనుకుని దానితోనూ కలిసిపోవచ్చు. విజయనగరం సిరిమానోత్సవం లాంటి జాతరల జనసందోహంలో ఇది మరీ జాగ్రత్త పడాల్సిన విషయం. ఇంకొకటి, ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ సన్నగిల్లినా ఫోను వైఫైనే పట్టుకు వేలాడితే టికెట్ పేజీ తెరుచుకోదు.

మరేం చెయ్యాలి? సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, ఆ పేరు పక్కనున్న గుర్తు నొక్కండి. ఆండ్రాయిడ్‌లో ఆటో కనెక్ట్, ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఆటో జాయిన్ ఆపేయండి. ఇక అవసరం లేని పేరైతే ఫర్గెట్ నొక్కి చెరిపేయండి. ఇంటి వైఫైకి మాత్రం ఆటో ఉండనివ్వండి. బయట వైఫై మీద డబ్బు లావాదేవీలు పెట్టుకోకండి.

తెరిచి ఉన్న ప్రతి గుమ్మమూ మన ఇల్లు కాదు కదా!