ఆయన అనని మాట

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తారు. రేపు ఎవరో ఒకరికి ఈ పని అప్పజెప్పుతారు: పోయిన మనిషి గొంతుతో మాట్లాడే యాప్ తయారుచెయ్యండి అని. ఇది ఊహ కాదు. 2015లో మాస్కోలో ఒక ప్రమాదంలో స్నేహితుడు పోతే, యూజీనియా కుయ్‌డా అనే ఆవిడ అతని పాత మెసేజీలన్నీ పోగేసి చాట్‌బాట్ చేసింది. 2020లో దక్షిణ కొరియా టీవీలో ఒక తల్లి, వీఆర్ కళ్ళద్దాలు పెట్టుకుని, పోయిన తన కూతురి బొమ్మను తాకబోయింది.

మన దాకా కూడా వచ్చింది. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. 2023లో విడుదలైన ‘కీడా కోలా’ సినిమాలో ఏఐతో చేసిన ఆయన గొంతు వినిపించింది. కుటుంబం లీగల్ నోటీసు పంపింది. ఆయన కొడుకు చరణ్ గారు టెక్నాలజీని తప్పుపట్టలేదు, మాకు చెప్పకుండా, అడగకుండా ఎలా వాడతారన్నారు. ఆ రోజుల్లోనే సంగీత దర్శకుడు రెహమాన్ ‘లాల్ సలామ్’ సినిమాలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడారు. ముందే కుటుంబాలను అడిగారు, పారితోషికమూ ఇచ్చారు.

అడిగితే చాలా? పాట విషయంలో చాలేమో. గాయకుడు ఎప్పుడూ ఎవరో రాసిన మాటే పాడతాడు కదా. మరి నాన్న? “ఆ సంబంధం ఒప్పుకో తల్లీ” అని పోయిన నాన్న గొంతు యాప్‌లోంచి చెబితే, ఆ మాట ఎవరిది? చందా కట్టించుకునే కంపెనీది. ఆయన అనని మాటను ఆయన నోట పెట్టడానికి నేను ఒప్పుకోను. కొడుకులు సంతకం పెట్టినా సరే.

పోయినవాళ్ళను తలుచుకోవడం మనకు కొత్త కాదు. మన బొజ్జన్నకొండ మీది బౌద్ధ క్షేత్రం చూడండి. రాతినే తొలిచి స్తూపాలు చేశారు. స్తూపం మొదట బుద్ధుడి ధాతువుల మీద కట్టిన కట్టడం. ఆయన మాటలు పిటకాల్లో వేరే ఉన్నాయి. స్తూపం కొత్త ఉపదేశం చెప్పదు.

మన ఇళ్ళల్లోనూ అంతే. పెద్దకర్మ, మాసికం, సంవత్సరీకం, సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకోవడం. అన్నిటికీ ఒక రోజుంది. ఆ రోజున నలుగురూ వస్తారు, పోయినవాళ్ళ గురించి చెప్పుకుంటారు, వాళ్ళ మీద జోకులు కూడా వేసుకుంటారు, భోంచేసి పనుల్లోకి పోతారు. ఈ లెక్క వేసిన వాళ్ళను మించిన డిజైనర్లు నాకు కనబడలేదు. అర్ధరాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్న పిల్లకు “నన్ను మర్చిపోయావా” అని నోటిఫికేషన్ పంపే యాప్ దీనికి సరిగ్గా తలకిందులు.

అసలు కుటుంబాలు పోగొట్టుకుంటున్నది వేరు. పోయినవాళ్ళ ఫోన్ లాక్ ఎవరికీ తెలియదు. రీచార్జి ఆగిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరికి వెళ్తుంది, నాన్న పేరు పక్కన ఎవరో కుర్రాడి ఫొటో వస్తుంది. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. మన తర్వాత ఖాతాను ఎవరికి అప్పగించాలో ముందే చెప్పే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచీ, ఆపిల్‌లో 2021 నుంచీ ఉంది. మన 2023 డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్‌లో నామినీ హక్కు రాశారు. బ్యాంకు పుస్తకానికి నామినీ పేరు రాయించిన మనిషే వీటి ఊసు ఎరగడు.

అలాంటి ఏర్పాటు మీరు చెయ్యండి. బెల్లం మార్కెట్లో దిమ్మలు తూయించే పెద్దాయన తనంతట తాను వాడగలిగేలా, తెలుగులో. బతికుండగానే గొంతు దాచుకోవాలి. ఎవరు వినొచ్చో ఆయనే చెప్పాలి, వద్దనుకుంటే చెరిపెయ్యగలగాలి. ఆయన చెప్పిన కథే వినిపించాలి, దగ్గుతో సహా.

ముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. “నాకప్పుడే ఏం తొందర్రా” అని మామ్మ కసురుతుంది. అదీ రికార్డు చెయ్యండి, ఆవిడకు చెప్పే.