‘ఏమియు లేదు’ అనుటకు ముందు

 నేడు పట్టాలందుకొనుచున్న యువవైద్యులారా, ఈ ఉక్కలో నల్లగౌనులు కప్పుకొన్న మిమ్ములను ఎక్కువసేపు బాధింపను.

నేను ప్యాథాలజిస్టును. నాయొద్దకు రోగులు గాజుపలకలపై వత్తురే గాని నడచి రారు, మాటలాడరు. అట్టి నా గదికి ఒకనాడు ఒక గృహిణి ఉబ్బిన ఫైలొకటి చంకనిడుకొని స్వయముగా వచ్చెను. యోనిముఖమున దూది తగిలినను ఓర్వరాని మంట. ఫంగసు మాత్రలు మ్రింగెను, పూతలు పూసికొనెను. కల్చరు, బయాప్సీ రిపోర్టులన్నియు నార్మలు. ‘కొత్తలో అంతేనమ్మా, పిల్లలు పుడితే అదే పోతుంది’ అని యొకరు, ‘మనసు కుదుటపరచుకో’ అని మఱియొకరు సెలవిచ్చి పంపిరట. ‘ఏమీ లేకపోతే ఇంత మంటెందుకు, డాక్టరమ్మా?’ అని ఆమె అడిగెను. ఆ ఫైలంతటిలోను లేని శాస్త్రదృష్టి ఆ యొక్క ప్రశ్నలో నుండెను.

ఆమె బయాప్సీ దిమ్మెను తెప్పించి, క్రొత్త పొర కోయించి, టోల్యూడిన్ బ్లూ పట్టించితిని. నిత్యము వాడు హిమటాక్సిలిన్–ఇయోసిన్ రంగులలో కంటికి సులభముగా చిక్కని మాస్ట్ కణములు, ఇప్పుడు నీలిమ నడుమ ఊదారంగు రేణువులతో, నాడీతంతువుల చెంతనే గుంపులుగా కనబడెను. ఆమెకే చూపించితిని. మరునాడు అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకొని, చూచి, ‘ఇన్ని కనబడుతుంటే ఇన్నాళ్ళూ ఏమీ లేదని ఎవరన్నారమ్మా?’ అని నన్నే గద్దించెను.

పాల్ ఎర్లిక్ 1878లో తన డాక్టరేటు సిద్ధాంతగ్రంథమున వర్ణించిన ఈ కణమును మీరెఱుగనివారు కారు. కాని, బిడ్డలారా, పరీక్షలో మాస్ట్ కణమనగానే ఉబ్బసము, దద్దురులు అని చిలుకపలుకులు పలికి, మార్కులు దండుకొని, దానినక్కడనే విడిచి వచ్చితిరి. అది రేగినప్పుడు హిస్టమిన్‌ను, ట్రిప్టేజును, నాడీవర్ధక పదార్థమును వెడలించును. ట్రిప్టేజు నొప్పినాడుల కొనలను రెచ్చగొట్టును. నాడీవర్ధకము చేత క్రొత్త తంతువులు మొలచి పైపొర వఱకు ప్రాకును. ఆ నాడులు విడుచు సబ్‌స్టెన్స్ పి మరల మాస్ట్ కణములనే పురికొల్పును. ఇజ్రాయేలులో బోర్న్‌స్టెయిన్ బృందము 2004లో ఇట్టి రోగిణుల కణజాలమున రేణువులు విడిచిన మాస్ట్ కణములను, పెరిగిన నాడులను చూపెను. 2011లో వెలువడిన చిట్టెలుకల ప్రయోగమున, కాండిడా ఫంగసు మాటిమాటికి సోకి, ప్రతిసారియు నయమైన పిదపను, కొన్నింటికి స్పర్శకు కలుగు నొప్పి పోక నిలిచియుండెను. అందఱి పరిశోధనలును ఏకకంఠముగా పలుకలేదు. కొందఱికి ఈ కణముల సంఖ్యలో గొప్ప భేదము కానరాలేదు. అయినను, క్రిమి పోయినది గనుక నొప్పియు పోయియుండవలెనను మన ధీమాకు మాత్రము ఆధారమెవ్వరును చూపలేదు.

నన్ను వేధించునది ఈ ధీమాయే. బోస్టన్ ప్రాంతమున జరిపి 2003లో ప్రకటించిన సర్వేలో, నూటికి 16 మంది స్త్రీలు జీవితమున ఎప్పుడో మూడు నెలలకు తక్కువ గాకుండ ఇట్టి బాధ పడితిమనిరి. అంతమంది మీ వాకిట నిలిచినప్పుడు, మీరు అడుగనిదే వారు చెప్పరు. చెప్పినను, పక్కనున్న మగని ముఖము చూచి సగము మ్రింగివేయుదురు. మగనిని కాఫీకి పంపుడు. ఆసుపత్రి కాఫీ త్రాగుటకు చాల సేపు పట్టును.

మూడవ వరుసలో పట్టాను విసనకఱ్ఱ చేసికొన్న నాయనా, నీకే చెప్పుచున్నాను: దూదిపుల్ల ఏ పల్లెటూరి ఆసుపత్రిలోనైనను దొరకును. ఆమె అనుమతి అడిగి, తొడ నుండి మొదలిడి, యోనిముఖమున గడియారపు అంకెల వరుసను మెల్లగా తాకుచు, ఎచ్చట నొప్పి పదింటికెంతయో ఆమె నోటనే చెప్పించి, బొమ్మ గీసి అందు వ్రాయుము. తరువాత చర్మరోగ నిపుణుని పిలుతువో, కటికండరముల ఫిజియోథెరపీకి పంపుదువో, నీ యిష్టము. ఆ బొమ్మ గీయకుండ మాత్రము ‘నార్మల్’ అని సంతకము చేయకుము. రిజిస్ట్రారుగారు గడియారము చూపుచున్నారు. గౌనులు విప్పి భోజనములకు పొండు.