ఫోన్‌లో మన కొట్టు కనబడాలంటే

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి ధర ఒకపక్క, పోడు పట్టాలు ఒకపక్క, యూరియా కోసం చెప్పుల వరుసలు ఒకపక్క. ఇన్ని నెత్తిన పెట్టుకుని ఈ పూట గూగుల్ గురించి మాట్లాడటమేంటని వెనక వరుసలో నవ్వులు వినబడుతున్నాయి. నవ్వండి. మూడేళ్ల కింద మేమూ నవ్వినవాళ్లమే.

మా కొట్టు సంగతి మీలో చాలామందికి తెలుసు. పాల్వంచ నుంచి సారపాక పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. సంఘం సభ్యులం, గూడేల్లో డ్వాక్రా గ్రూపుల అక్కలు కలిసి నడుపుతున్నాం. తేనె, గింజ తీసిన చింతపండు, కుంకుడుకాయలు, మన తేజ మిర్చి ఆడించిన కారం, దంపుడు బియ్యం అమ్ముతాం. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి భద్రాచలం పోయే కార్లన్నీ మా ముందు నుంచే పోతాయి. పోతాయి కానీ ఆగవు. ఎందుకు ఆగవో మాకు చాలా రోజులు అర్థం కాలేదు. బోర్డు పెద్దది చేయించాం. దానికి ఎర్ర రంగు వేయించాం. అయినా అంతే.

కారులో కూర్చున్న మనిషి బోర్డు చూడడు, ఫోన్ చూస్తాడు. పెద్దమ్మ గుడి దగ్గర దండం పెట్టుకుని, "దగ్గర్లో తేనె ఎక్కడ దొరుకుతుంది" అని ఫోన్‌ని అడుగుతాడు. ఫోన్ ఏ కొట్టు పేరు చెబితే అక్కడ ఆగుతాడు. అక్కడ అమ్మే తేనె మన అడవిదే కావచ్చు, మన అక్కల దగ్గర కొన్నదే కావచ్చు. మధ్యలో మిగిలిన డబ్బు మాత్రం మనది కాదు.

ఇది కొత్త కథేం కాదు. కుంకుడుకాయలు, తపసి జిగురు ఏరిన మనిషికి కొనేవాడెవరో తెలియదు. కొనేవాడికి ఏరినవాడెవరో తెలియదు. ఇద్దరికీ తెలిసినవాడు దళారి ఒక్కడే. ఆ తెలివిడికే వాడు సొమ్ము చేసుకున్నాడు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఆ దళారి పట్టు తప్పించడానికే. ఇవాళ ఆ తెలివిడి ఫోన్‌లోకి వచ్చింది. ఫోన్‌లో మనం లేకపోతే అక్కడా దళారే ఉంటాడు.

ముందే ఒక మాట చెప్పాలి, లేకపోతే లేనిపోని ఆశలు పెట్టుకుంటారు. అన్ని పంటలకీ ఇది పనికిరాదు. ఖమ్మం యార్డుకు పోయే మిర్చి బస్తాల ధరను గూగుల్ పెంచదు. తునికాకు కట్టకు రేటు ఫోన్‌లో రాదు. అశ్వారావుపేట ఫ్యాక్టరీకి పోయే పామాయిల్ గెలలకు గానీ, కాగితం మిల్లుకు పోయే జామాయిల్, సుబాబుల్ కర్రకు గానీ దీనితో పనిలేదు. వాటికి మన పోరాటమే దిక్కు. ఇది పనికొచ్చేది వాడుకునే మనిషి నేరుగా మన దగ్గరికి వచ్చి కొనే వాటికి. తేనె, కారం, గానుగ నూనె, నాటుకోళ్లు, మిర్చి నారు పెంచే నర్సరీ, పిండిమర, వరికోత మిషన్ బాడుగ. ఆలోచించండి, మన సభ్యుల్లో ఇలాంటివి పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో. నారు కావలసిన రైతు కూడా ఇప్పుడు ముందు ఫోన్‌లోనే వెతుకుతున్నాడు. పక్క ఊళ్లో మనవాడి నర్సరీ ఉన్న సంగతి తెలియక డీజిల్ కాల్చుకుని ఖమ్మం దాకా పోతున్నాడు.

ఇక మేం చేసిన తప్పులు వరసగా చెబుతాం, వింటే మీకు ఖర్చు తప్పుతుంది.

మొదట మా గ్రూపులో ఒక అక్క కొడుకు, ఇంటర్ చదివే పిల్లవాడు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మా కొట్టు పేరు ఎక్కించాడు. మేం సంబరపడ్డాం. ఆ ఏడు నవమికి హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఫోన్ చేసింది. "అన్నా, మీ కొట్టు దగ్గరికే వచ్చాం. ఇక్కడ టేకు చెట్లు తప్ప ఏం కనబడట్లేదు" అన్నారు. పిల్లవాడు మ్యాప్‌లో గుర్తు పెట్టేటప్పుడు కొట్టు మీద కాకుండా అడవిలో పెట్టాడు. పాపం వాళ్లు ఆ ఎండలో మట్టిరోడ్డు మీద కారు వెనక్కి తిప్పుకుని, తేనె కొనకుండానే పోయారు. తప్పు పిల్లవాడిది కాదు, చూసుకోని మాది. గుర్తు పెట్టేటప్పుడు కొట్టు గడపలో నిలబడి పెట్టాలి. పెట్టాక కొత్త మనిషిని ఒకరిని రోడ్డు మీది నుంచి ఫోన్ పట్టుకుని రమ్మనాలి. ఆయన సరిగ్గా వచ్చాడంటే గుర్తు సరైనదే.

రెండో తప్పు ఇంకా పెద్దది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కొట్టును మొదటి నెంబర్‌కి తెస్తాం" అని ఒక ఫోన్ వచ్చింది. ఆరువేల అయిదు వందలు కట్టాం. కొట్టు డబ్బాలోంచి తీసి కట్టాం, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ మనిషి చేసిన పనేంటంటే, తన సొంత ఈమెయిల్ మీద మా కొట్టును ఎక్కించాడు. ఫోన్ నెంబర్ తనది పెట్టాడు. కొట్టు పేరు ముందూ వెనకా "భద్రాచలం నెంబర్ వన్ స్వచ్ఛమైన అడవి తేనె" అని తోరణం కట్టాడు. బోర్డు మీద ఉన్న పేరే అక్కడా ఉండాలి, తోకలు తగిలించకూడదని గూగుల్ నిబంధన. కొన్నాళ్లకు ఆ నమోదు ఆగిపోయింది. మళ్లీ తెరిపించాలంటే ఇంకో అయిదువేలు పంపమన్నాడు. అప్పటికి గానీ మాకు కళ్లు తెరుచుకోలేదు.

రాసుకోండి. కొట్టును గూగుల్‌లో నమోదు చేయడానికి పైసా ఖర్చు లేదు. వరసలో పైకి రావడానికి డబ్బు కట్టే దారి లేదని గూగులే రాసి పెట్టింది. డబ్బు కట్టిన ప్రకటనలు వేరు, వాటి పక్కన "స్పాన్సర్డ్" అని కనబడుతుంది. కాబట్టి మొదటి నెంబర్ అమ్ముతానని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి.

మరి ఎవరి పేరు పైన వస్తుంది? గూగుల్ చెప్పేది మూడు సంగతులు. వెతికిన మాటకూ మన కొట్టుకూ సంబంధం ఉందా, వెతికిన మనిషికి మనం ఎంత దూరంలో ఉన్నాం, మన గురించి జనం ఎంత చెప్పుకుంటున్నారు. వీటిలో దూరం మన చేతిలో లేదు, గుర్తు సరిగ్గా ఉంటే చాలు. సంబంధం మాత్రం మన చేతిలోనే ఉంది. పిల్లవాడు మొదట మా కొట్టును ఊరికే "దుకాణం" అని రాశాడు. ఏం దుకాణం? చెప్పుల దుకాణమా, మందుల దుకాణమా? ఏ రకం కొట్టో సరిగ్గా ఎంచుకోవాలి. ఏమేం అమ్ముతామో విడివిడిగా రాయాలి. తేనె అని తెలుగులో రాయండి, హనీ అని ఇంగ్లీషులోనూ రాయండి. జగదల్‌పూర్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లకు తెలుగు రాదు, హైదరాబాద్ పిల్లలకు తెలుగు వచ్చినా ఇంగ్లీషులో కొడతారు. ఎప్పుడు తెరుస్తామో, ఎప్పుడు మూస్తామో రాయాలి. పండుగ రోజుల వేళలు వేరుగా పెట్టుకోవచ్చు. ముక్కోటి నాడు తెల్లవారుజామున తెరిచి ఉంటామని మేం పెట్టాం.

చిరునామా సంగతి మన దగ్గర మరీ చిక్కు. మన జిల్లాలను ఎన్నిసార్లు కోశారో లెక్కపెట్టండి. 2014లో పోలవరం పేరుతో ఏడు మండలాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం ఊరు ఇటు మిగిలింది, ఊరికి ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఎటపాక, చింతూరు, కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. మనుషులం ఉన్నచోటే ఉన్నాం, చిరునామాలు మారాయి. మా బిల్లు పుస్తకం మీద ఖమ్మం జిల్లా అని, బోర్డు మీద భద్రాద్రి కొత్తగూడెం అని, తేనె సీసా మీద మండలం పేరు కూడా లేకుండా ఉండేది. మనిషైతే మూడూ ఒకటేనని పోల్చుకుంటాడు, యంత్రానికి మూడు కొట్లుగా తోచినా ఆశ్చర్యం లేదు. పేరు, చిరునామా, ఫోన్ నెంబర్ ఈ మూడూ బోర్డు మీద, బిల్లు మీద, సీసా మీద, ఫోన్‌లో ఒకే తీరుగా ఉండేట్టు చూసుకోండి.

మూడో సంగతి, జనం చెప్పే మాట. 2025 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో భద్రాచలం ఆడవాళ్లు చేసే "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" బిస్కట్ల గురించి చెప్పారు. ఆయన రాజకీయాలతో మనకు ఉన్న పేచీ అలా ఉంచండి. ఆ పేరు విన్నవాళ్లు ఏం చేస్తారు? ఫోన్ తీసి ఆ పేరు కొడతారు. పేరు వేరొకరికి లేనిది కాబట్టి సూటిగా అక్కడికే పోతుంది. మనకు రేడియోలో చెప్పేవాళ్లు లేరు. మన దగ్గర కొన్నవాళ్లే మన గురించి నాలుగు ముక్కలు రాయాలి. సరుకు ఇచ్చేటప్పుడు అడగండి. "అమ్మా, నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే నచ్చలేదని ఫోన్‌లో రాయండి" అనండి. రాస్తే పది రూపాయలు తగ్గిస్తామని మాత్రం అనొద్దు, అది నిబంధనకు విరుద్ధం. మన ఇళ్లల్లో పిల్లల చేత పొగడ్తలు రాయించడమూ అంతే.

తిట్టినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో ఒకాయన ఒక్క నక్షత్రం ఇచ్చి, "తేనె గడ్డకట్టింది, పంచదార పాకం అమ్ముతున్నారు" అని రాశాడు. ఆ తేనె తెచ్చిన అక్క రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పోట్లాటకు దిగుదామన్నారు కొందరు. చివరికి కూర్చుని తెలుగులోనే జవాబు రాశాం. తేనె చలికి గడ్డకట్టడం సహజమనీ, అంతమాత్రాన కల్తీ అనుకోనక్కర్లేదనీ, సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే కరుగుతుందనీ, అప్పటికీ అనుమానం ఉంటే తెచ్చివ్వండి, డబ్బులు తిరిగి ఇస్తామనీ రాశాం. ఆయన మళ్లీ రాలేదు. కానీ ఆ జవాబు చదివి వచ్చామని చెప్పినవాళ్లు ఉన్నారు. పొగడ్తల కంటే ఆ ఒక్క తిట్టే మాకు ఎక్కువ పనిచేసిందని మా లెక్క.

ఇప్పుడు అసలు విషయం. ఆ నమోదు ఎవరి చేతిలో ఉంది?

పొలం మీద పాస్‌బుక్ ఎవరి పేర ఉంటే పొలం వాళ్లది అంటారు. 2020లో ధరణి వచ్చాక పేరో, విస్తీర్ణమో తప్పుపడి రైతులు ఎంత తిరిగారో రాష్ట్రమంతా చూసింది. ఇదీ అలాంటిదే. ఏ ఈమెయిల్ మీద నమోదైందో ఆ ఈమెయిల్ ఉన్నవాడిదే పెత్తనం. ఫోన్ నెంబర్ మార్చేదీ, కొట్టు మూతపడిందని పెట్టేదీ వాడే. మా కొట్టు పెత్తనం ఏడాది పాటు ముఖం కూడా చూడని మనిషి చేతిలో ఉంది. కొన్నవాళ్లు ఫోన్ చేస్తే ఎవరికి పోయిందో, ఎవరి తేనె అమ్ముడుపోయిందో మాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి ఎలా తెచ్చుకున్నామంటే, కొట్టు పేరు మీద కొత్త ఈమెయిల్ తెరిచాం. దాని రహస్య పదం రిజిస్టర్‌లో రాసి బీరువాలో పెట్టాం. యజమాని హక్కు మాకు బదిలీ చేయమని ఆ ఫోన్‌లోనే అర్జీ పెట్టుకునే దారి ఉంది, అది పెట్టాం. ఉన్నవాడికి జవాబు చెప్పడానికి కొద్ది రోజుల గడువు ఇస్తారు, వాడు చెప్పలేదు. తర్వాత మేమే యజమానులమని చూపమన్నారు. ఇదివరకు పోస్టు కార్డు మీద నెంబర్ పంపేవాళ్లట. మమ్మల్ని వీడియో అడిగారు. ఆపకుండా ఒకే వీడియోలో ముందు రోడ్డు, బోర్డు, తర్వాత మనమే తాళం తీసి షట్టర్ ఎత్తడం, లోపల సరుకు, కాటా చూపించాలి. తీయడం సులువే. పంపడానికి సిగ్నల్ లేక మూడుసార్లు తెగిపోయింది. చివరికి పాల్వంచ పోయి పంపాం. సెల్ టవర్ల గురించి ఇదే సంఘం ఎన్ని అర్జీలు ఇచ్చిందో మీకు తెలుసు. ఫోన్‌లో కనబడమని చెప్పేవాళ్లు ముందు ఫోన్ పలికేట్టు చేయాలి కదా.

ఇప్పుడు యజమానులుగా ముగ్గురం ఉన్నాం, అందులో ఇద్దరు గూడెం అక్కలు. పిల్లవాడిని మేనేజర్‌గా పెట్టాం, రోజువారీ మార్పులు వాడు చేస్తాడు, కానీ యజమానులను తీసేసే హక్కు వాడికి లేదు. రేపు వాడు చదువుకు వరంగల్ పోయినా కొట్టు వాడితోపాటు పోదు. దారిన పోయేవాళ్లెవరైనా సరే మన కొట్టు వివరాల్లో మార్పు సూచించవచ్చు కాబట్టి, ప్రతి సోమవారం తెరిచి చూసుకుంటాం. ఒకసారి "శాశ్వతంగా మూసివేశారు" అని కనబడింది. ఎవరు పెట్టారో ఊహించగలం, చెప్పం.

అమ్మకం పెరిగిందా అని అడుగుతారు. కార్లు ఆగుతున్నాయి. నిరుటి నవమికి కారం పొట్లాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. ఫోన్ చూసి వచ్చినవాళ్లకు సరుకు లేదంటే వాళ్లు రాసేది వేరేగా ఉంటుంది. ఈ ఏడు ముందే ఎక్కువ ఆడించి పెట్టుకోవాలి. తినే సరుకు అమ్మేవాళ్లు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నెంబర్ లేకుండా ఈ పనికి దిగొద్దు. పదిమందికి కనబడ్డాక అధికారులకూ కనబడతాం.

వచ్చే ఆదివారం ఉదయం ఇక్కడే కూర్చుందాం. ఎవరికి నర్సరీ ఉందో, గానుగ ఉందో, కోత మిషన్ ఉందో వాళ్లు రండి. ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకుని, ఇంట్లో ఫోన్ బాగా వచ్చిన పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ వెంట తెచ్చుకోండి. కొట్టుకు ఇంకా బోర్డు లేనివాళ్లు ముందు బోర్డు రాయించండి. వీడియోలో అదే మొదట అడుగుతారు.