చార్జిషీటు చదివిన పిల్లలు

(శ్రీరాంపూర్‌లో మా ఇంగ్లీషు సారు స్మారకంగా చేసిన ఉపన్యాసం)

 

ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లలు తర్వాత ఏమయ్యారో మాట్లాడమని నన్ను అడిగారు. అమెరికాలో ఎందరున్నారు, డాక్టర్లు ఎందరు, ఇంజినీర్లు ఎందరు అని చెప్తానని కొందరు అనుకుని ఉంటారు. ఆ లెక్కకు వెళ్ళేముందు ఒక కవరు సంగతి చెప్పాలి.

నేను ఆరో తరగతిలో ఉన్నాను. మా క్వార్టర్ల లైనులో మూడో ఇంటి పెద్దనాయన ఓ సాయంత్రం ఖాకీ కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ఇంగిలీషు సదువుతున్నవ్ గదా బిడ్డా, ఏం రాసిండ్రో సూడు” అన్నాడు. అది చార్జిషీటు. ఆయన నాట్లప్పుడు ఊరికి పోతే, అక్కడే జ్వరం పట్టి, చాలా రోజులు గనిలో మస్టరు (హాజరు) పడలేదు. ‘అనాథరైజ్డ్ ఆబ్సెన్స్’, ‘షో కాజ్’ అనే మాటలు నేను అంతకుముందు ఏ పాఠంలోనూ చూడలేదు. అక్షరాలన్నీ చదివాను, ఒక్క వాక్యం అర్థం కాలేదు. ఆయన నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. లోపలి నుంచి మా అవ్వ కూడా చూస్తోంది. నెల నెలా ఫీజు కట్టే చదువు ఇదేనా అన్న ప్రశ్న ఆమె అడగలేదు, నాకే వినబడింది.

మర్నాడు ఆ కాగితం సారుకు చూపించాను. ఆ రోజు పాఠ్యపుస్తకం మూసేశారు. ఆ కాగితమే బోర్డు మీద రాసి, పేరూ నంబరూ తుడిచేసి, ఒక్కో మాటా విప్పి చెప్పారు. రెండో రోజు జవాబు ఎలా రాయాలో నేర్పారు. మొదట తేదీలు, తర్వాత కారణం, తర్వాత డాక్టరు కాగితం జత చేసినట్టు ఒక వాక్యం, చివర మర్యాదగా విన్నపం. మూడో రోజు క్లాసులో ప్రతి ఒక్కరం ఒక జవాబు రాశాం. వాటిలో ఒకటి పెద్దనాయన తీసుకుపోయాడు. అధికారులు ఆయన్ని హెచ్చరికతో వదిలేశారు. ఆ తర్వాత మా లైనులో ఎవరికి కాగితం వచ్చినా మా ఇంటికే వచ్చేది. లీవు అర్జీలు, పీఎఫ్ కాగితాలు, బ్యాంకు ఫారాలు, దవాఖానా రెఫరల్ చీటీలు అన్నీ. ఆ బడి పిల్లలు ఏం ఉద్యోగం చేశారని అడిగితే నేను మొదట చెప్పేది అదే. మా మొదటి కొలువు పన్నెండేళ్ళకే మొదలైంది. జీతం లేదు, అప్పుడప్పుడు ఒక బెల్లం ముక్క.

భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు, ఉపరితలంలో 240 నిండాలన్న లెక్క మీకు చెప్పక్కర్లేదు. ఆ లెక్కల మీదే ఇళ్ళు నడిచిన చోట ఒక కాగితం చదవగలగడం ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకు చెప్పడం కష్టం.

ఇక్కడ ఒక మాట. మన గడ్డ మీదికి ఇంగ్లీషును తెచ్చింది బడి అని మనం అనుకుంటాం. బడి కంటే ముందు బాయి, అంటే బొగ్గు గని, తెచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించినప్పుడు, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలకు పూనుకున్నప్పుడు, ఈ పనికి సంబంధించిన మాటల్లో చాలావి ఆ దొరల భాషలోనే దిగాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయిన తర్వాతా అవే నిలిచాయి. షిఫ్టు, మస్టరు, ల్యాంపురూము, హాలేజీ, టబ్బు, ప్లేడే. ఎనిమిదో ఇంక్లయిను దగ్గర పుట్టిన కాలనీ యైటింక్లయిన్ కాలనీ అయింది. సంతకం రాని బదిలీ వర్కరు కూడా రోజుకు వంద ఇంగ్లీషు మాటలు పలికేవాడు. అవి నోటిలో ఉండేవి, కాగితం మీదికి వస్తే పరాయివయ్యేవి. ఆ మాటలను కాగితం మీద మళ్ళీ మనవాళ్ళవి చేయడమే సారు ముప్పై ఏళ్ళు చేసిన పని అని నేను నమ్ముతాను.

మా తాత నిజాం రోజుల్లో నాలుగు అక్షరాలు ఉర్దూలో నేర్చుకున్నాడు. కచ్చేరి కాగితాలు ఆ భాషలోనే ఉండేవి. హైదరాబాదులో 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం ఉర్దూలోనే బోధించింది. మా బాపు ఊరి బడిలో తెలుగులో అయిదు దాకా చదివాడు. నేను ఇంగ్లీషులో. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు చదువు భాషలు. కోస్తాలో అలా జరగలేదు. అక్కడ ఇంగ్లీషు బడి మనకంటే చాలా ముందే పాతుకుంది. అక్కడి ఒక బడి కథ మనకు పనికొస్తుంది.

1841లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ మచిలీపట్నం వచ్చాడు, 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. పైకులాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన బడి అది. మన లైను పిల్లలకు ఆనాడు అక్కడ బెంచీ దొరికేది కాదు, ఈ సంగతి దాచకూడదు. నోబుల్ 1865లో అక్కడే కన్నుమూశాడు. ఆ బడి నోబుల్ కాలేజీగా పెరిగింది. తర్వాత అక్కడ చదువు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యులైన ముగ్గురిని చూడండి. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ముట్నూరి గారు 1907 నుంచి కృష్ణా పత్రికను నడిపారు, తెలుగు వచనానికి ఒక నడక ఇచ్చారు. కోపల్లె వారు 1910లో మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. పట్టాభి గారు డాక్టరు చదువు చదివి 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇంగ్లీషు బడిలో చదివిన ముగ్గురు తెలుగు పత్రికను, జాతీయ విద్యను, తెలుగువాళ్ళ బ్యాంకును నిలబెట్టారు. ఇంగ్లీషు నేర్చినవాడు ఊరికి దూరమైపోతాడనే భయం మనలో ఇవాళ్టికీ ఉంది. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. అయితే ఈ ముగ్గురిని తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది.

అదే 1923లో హైదరాబాదులో జాగీర్దార్ కాలేజీ పుట్టింది. జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన బడి. జాగీర్లు రద్దయ్యాక హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయి ఇతరులకూ తలుపు తెరిచింది. అందులో చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబీకి, సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్‌కు సీఈఓలయ్యారు. అజయ్ బంగా 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యారు. ఒక్క బడి నుంచి ఇంతమంది రావడం గొప్ప విషయమే. మన పిల్లలకు వీళ్ళ ఫొటోలు చూపించి ‘మీరూ ఇలా కావాలి’ అంటాం. నేను కూడా చెప్పాను. కానీ వయసు పెరిగాక ఆ ఫొటోల పక్కన మరో వరస ఫొటోలు పెట్టి చూడాలనిపించింది, వాళ్ళ తండ్రులవి. నాదెళ్ళ గారి తండ్రి యుగంధర్ గారు ఐఏఎస్ అధికారి. బంగా గారి తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్. పిల్లలు కష్టపడలేదని నా అర్థం కాదు. వాళ్ళు ఎక్కిన మెట్లలో కొన్ని ఇంట్లోనే ఉన్నాయి. గనిలో బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్ కొడుకు బ్యాంకులో క్లర్కు అయితే అతను ఎక్కిన ఎత్తును ఏ గజంతో కొలవాలి? పిల్లవాడు చేరిన చోటుతో పాటు బయలుదేరిన చోటు కూడా రాసిపెట్టుకుంటే తప్ప బడి చేసిన పని కనపడదు.

మన దగ్గర బయలుదేరిన చోటు ఏమిటో మీకు తెలుసు. ప్రతి ఇంట్లో రెండు దారులుండేవి. ఒకటి వారసత్వంగా వచ్చే బాపు నౌకరి. రెండోది బాపు నౌకరి వద్దనుకోవడం. ఇంగ్లీషు బడి ఫీజు కట్టిన ప్రతి తండ్రీ ఆ రెండో దారికి డబ్బు కట్టాడు. “నేను దిగిన, సాలు. నువ్వు దిగద్దు” అని బాపు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. అదే బాపు, మోకాళ్ళు పట్టేసి నడవలేనప్పుడు, ‘అన్‌ఫిట్ అయితే నీకు నౌకరి వస్తది గదరా’ అని కూడా అన్నాడు. రెండు మాటల్లోనూ ఉన్నది ప్రేమే.

ఆ మొదటి దారి రానురాను సన్నబడింది. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా మనుషులున్నారు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, స్వచ్ఛంద పదవీ విరమణలు వచ్చాక ఆ సంఖ్య నలభై వేల దరిదాపులకు దిగింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మెడికల్‌గా అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. అలా చేరినవాళ్ళలో మన బడి పిల్లలు ఉన్నారు, డిగ్రీలు, బీటెక్‌లు చేసినవాళ్ళు. జనరల్ మజ్దూరుగా చేరారు. ‘అంత ఇంగ్లీషు చదివి చివరికి బాయిలోకేనా’ అని వాళ్ళ ముందే అనేవాళ్ళున్నారు. ఆ మాట దయచేసి మానేద్దాం. చదువుకున్నవాడు క్యాప్‌ల్యాంపు పెట్టుకుని దిగితే గనిలో ఆ పనిచోట సేఫ్టీ సర్క్యులర్‌ను మిగతావాళ్ళకు చదివి చెప్పేవాడు ఒకడు ఉన్నట్టు. సారు నేర్పింది అక్కడా పనిచేస్తోంది.

ఆడపిల్లల సంగతి మరీ తక్కువ చెప్పుకున్నాం. మా క్లాసులో మార్కుల్లో ముందు నిలిచింది వాళ్ళే. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. బాపు నౌకరి అనే దారి వాళ్ళకు చాలాకాలం మూసే ఉంది. 2019లో నియమాలు మారి సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ కొలువులకు భూగర్భం తెరుచుకుంది. మా తరానికి అది ఆలస్యం. ఒకామె పదో తరగతి అవగానే పెళ్ళయి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత ప్రైవేటుగా డిగ్రీ, బీఈడీ చేసి ఇప్పుడు ప్రభుత్వ బడిలో చెప్తోంది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమం మొదలైనప్పుడు ఆమె తన క్లాసులో ఏం చేసిందని అడిగాను. “సారు చేసిందే. ఎవల ఇంట్ల ఏ కాగితం ఉంటే అది తెమ్మన్న. రేషను, కరెంటు బిల్లు, ఆధారు” అంది. ఆ మాట వినగానే నాకు సారు గొంతు వినబడింది.

ఇంకొకడున్నాడు. మా బెంచీలో ఆ చివర కూర్చునేవాడు. ఇంగ్లీషు వ్యాసాలు నాకంటే బాగా రాసేవాడు. ఇంటర్ మధ్యలో అన్నల్లో కలిసి అడవిలోకి పోయాడు, తిరిగి రాలేదు. ఈ ప్రాంతంలో ఆ రోజుల్లో చాలా వీధుల నుంచి ఒక పిల్లవాడైనా అలా పోయాడు. అతని పేరు ఎదురుగా ‘కొలువు’ అనే గడిలో ఏం రాయాలి? ఖాళీ వదలడానికి నాకు మనసొప్పదు. ఏం రాయాలో అతని అవ్వను అడగాలి.

అందుకే ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాను. మన బడి గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీలు ఉన్నాయి. అందరి పేర్లూ ఉన్న పుస్తకం లేదు. మచిలీపట్నం బడి గురించి ఇవాళ చెప్పగలిగానంటే ఆనాడు ఎవరో ఉత్తరాలు రాసి, దాచి, అచ్చు వేశారు గనుకే. మన లైన్లు ఓపెన్‌కాస్టు కింద పోతున్నాయి, క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి, రిటైరైన కుటుంబాలు మంచిర్యాలకో కరీంనగర్‌కో ఊళ్ళకో తరలిపోతున్నాయి. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి మనిషి దొరకడు.

ఆ బల్ల మీద ఒక లెడ్జరు పెట్టాను, ల్యాంపురూములో వాడే సైజుది. ఎడమవైపు పేరు, బ్యాచి. పక్కన తల్లిదండ్రులు అప్పుడు చేసిన పని. ఆ పక్కన తను ఇప్పుడు చేస్తున్న పని, తన మాటల్లోనే, తెలుగులోనో ఇంగ్లీషులోనో. చివరి గడికి ‘ఎవరి కాగితం చదివావు’ అని పేరు పెట్టాను. టెక్సాస్‌లో ఉన్న మిత్రుడు నిన్న రాత్రి ఫోన్‌లో తన వివరాలు రాయించాడు. చివరి గడి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ లైనులోని ఏడుగురి పేర్లు చెప్పాడు.

మొదటి పేజీ మొదటి గీత ఖాళీగా ఉంచాను. మూడో ఇంటి పెద్దనాయన ఇవాళ మనవడి భుజం పట్టుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. అక్కడ సారు పేరు ఆయన చేత రాయించాలని నా కోరిక. వయోజన విద్య రాత్రి బడిలో ఆయనకు అక్షరాలు దిద్దబెట్టింది కూడా సారే. రా పెద్దనాయనా, తొందరేం లేదు, మెల్లగా రా.